అద్దెకొరకు ఇల్లు కొనుట : గృహపరీక్ష, మరమ్మతు లెక్క



మన గ్రామములలో ఎద్దును కొనువాడు చేయు పరీక్షను గూర్చి మీకు నేను చెప్పవలసిన పనిలేదు. పండ్లు చూచును, సుళ్లు చూచును, నడిపించి చూచును, కాడి గట్టి రెండు చాళ్లు దున్నించి చూచును. అమ్మువాని మాట వినునుగాని, ఆ మాటమీదనే సొమ్ము చెల్లింపడు. ఇంత జాగ్రత్త గల రైతే విశాఖపట్నమునకు వచ్చి, ఎద్దు వెలకు ఎన్నో యింతలు పెట్టి ఇల్లు కొనునపుడు, సాయంకాలము ఒక గంటసేపు గదులన్నియు తిరిగి, గోడల రంగు చూచి, వాస్తు చూచి, మరునాడే బయానా ఇచ్చి వచ్చుచున్నాడు. ఈ తొందరపాటును గూర్చియే నేడు మీతో మనవి చేయదలచితిని.

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని సామెత. కష్టమంతయు కట్టువానిదే యనియు, కట్టిన ఇల్లు కొనుట సులభమనియు మనము తలంతుము. కాని కట్టినవాడు చేసిన లోపములును, తరువాత నివసించినవారు చూపిన నిర్లక్ష్యమును ఇంటితోపాటు కొనువానికే సంక్రమించును. అద్దెకొరకు కొనువానికి మరియొక చిక్కు గలదు. తానందు కాపురముండడు, కావున కారుచున్న కప్పు, కదలుచున్న గోడ అతని కంట బడవు. అవి దినదినము కంట బడునది అద్దెకున్న కుటుంబమునకే.

విశాఖపట్నము ఒకప్పుడు చిన్న తీరపట్టణము. 1933 అక్టోబరు 7వ తేదీన ‘జలదుర్గ’ యను ఓడ క్రొత్త రేవున మొదటిసారి ప్రవేశించెను. 1941లో నౌకానిర్మాణశాలకు పునాదిరాయి పడినది. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. 1992లో ఆ కర్మాగారము జాతికి అంకితమైనది. ఈ పనులవెంట జనము వచ్చిరి. జనమువెంట అద్దెయిండ్లు వెలసెను. నేడు శ్రీకాకుళము, విజయనగరము, అనకాపల్లి ప్రాంతముల పెద్దలు పలువురు, పల్లెలో పొలము చేయువారు లేక, పిల్లలు పట్నములో స్థిరపడుటచేత, ఆ పొలమమ్మి పట్నమున ఇల్లు కొని అద్దెతో కాలము గడుపుదమని చూచుచున్నారు. అది తప్పని నేననను. తాతలనాటి పల్లపు భూమిని ఇచ్చి తెచ్చుకొను వస్తువును పరీక్షించి తెచ్చుకొనవలెనని మాత్రమే నా మనవి.

ఈ విషయమున శాసనమేమి చెప్పుచున్నదో మొదట తెలిసికొనుట మంచిది. 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ శాసనములో 55వ విభాగము కలదు. ఇంటిలో ముఖ్యమైన లోపమేదైన ఉండి, అది అమ్మువానికి తెలిసి కొనువానికి తెలియనిదై, సామాన్యమైన శ్రద్ధతో చూచినను కొనువానికి కనబడనిదైనచో, దానిని అమ్మువాడు తెలుపవలెనని అందు గలదు. ఇందలి మెలకువను గమనింపుడు. సామాన్య శ్రద్ధతో చూచిన కనబడు లోపమును చెప్పవలసిన భారము అమ్మువానిపై లేదు. కప్పుమీది మరక, గోడలోని పగులు, చెదలు తిన్న ద్వారబంధము మీరు చూడకపోయినచో, అది మీ అశ్రద్ధయే యగును. శాసనము చూచువానికి తోడ్పడునుగాని, చూడనివానికి బదులుగా చూచి పెట్టదు.

నేనును చూడనివారిలో ఒకడనే. 2009లో మా తండ్రిగారి వాటా క్రింద వచ్చిన ఎకరమున్నర భూమినమ్మి, సముద్రమునకు దాపున ఒక మేడయింటిని కొంటిని. కట్టి ఇరువదియేండ్లయినదని చెప్పిరి. క్రొత్తగా వెల్ల, రంగు వేసియుండెను. క్రిందిభాగమున, మీదిభాగమున రెండు కుటుంబములు అద్దెకుండెను. అద్దె వచ్చుచున్న ఇల్లుగదా, మరల చూడవలసినదేమని, దస్తావేజులు మాత్రము ప్లీడరుగారికి చూపించి వ్రాయించుకొంటిని. మరుసటియేట వానకాలమున మీది వంటగది కప్పునుండి మంచపుకోడంత పెల్ల ఒకటి పొయ్యిగట్టుపై పడెను. ఆ ఇల్లాలు అప్పుడే నీళ్లకని క్రిందికి దిగియుండెను. అందుచేత నేను నేడు ఈ మాట కొంత నిబ్బరముగా చెప్పగలుగుచున్నాను.

నేను పోయి చూచుసరికి, విరిగినచోట ఇనుప ఊచలు తుప్పుపట్టి రేకులు రేకులుగా లేచియున్నవి. ఆ ఇల్లాలి భర్త నన్ను చూచి, “ఆ మరక నాలుగేళ్ళ నుంచీ ఉన్నదే. రంగేసి కప్పెట్టారు. కొనకముందు ఒక్క మాట అడిగుంటే చెప్పేవోళ్ళం కదా బాబూ!” అన్నాడు. అతని మాటలో కోపము లేదు. అదియే నన్ను ఎక్కువ బాధించినది. మేస్త్రి యొకనిచేత ఆ తావున సిమెంటు పూయించి తృప్తిపడితిని. రెండేండ్లలో ఆ పూత కూడ ఊడిపడెను. తరువాత 2014 అక్టోబరు 12వ తేదీ ఆదివారమునాడు హుద్‌హుద్ తుపాను విశాఖపట్నము వద్ద తీరము దాటెను. గంటకు 170 మొదలు 180 కిలోమీటర్ల వేగముతో గాలి వీచినది. నా ఇంటి మీది రేకులపంచ, నీళ్లతొట్టి ఎగిరిపోయినవి. అప్పుడు పిలిపించిన ఇంజనీరు వంటగది కప్పును, వరండా కప్పును పూర్తిగా తీసివేసి మరల పోయవలెననెను. మొత్తముమీద మూడేండ్ల అద్దె ఆ మరమ్మతులకే పోయెను. కొనకముందు ఒక మేస్త్రిని వెంటబెట్టుకొని అరపూట చూచియున్నచో, ఆ సొమ్మును వెలలో తగ్గించుకొనియుందును, లేదా ఆ ఇంటిని విడిచియుందును.

సముద్రతీరపు ఇంటికి ఈ రోగము ఎందుకు వచ్చునో చెప్పెదను. స్లాబులోని ఇనుమును సిమెంటుకు గల క్షారగుణము తుప్పు పట్టకుండ కాపాడుచుండును. సముద్రపు గాలిలోని ఉప్పు కాంక్రీటులోనికి మెల్లమెల్లగా దిగి ఇనుమును చేరినపుడు ఆ రక్షణ చెడును. గాలిలోని బొగ్గుపులుసు వాయువు కూడ ఏండ్లతరబడి లోనికి దిగి క్షారమును తగ్గించును. పిమ్మట తుప్పు పుట్టును. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె రెండింతలు మొదలు ఆరింతలదాక చోటాక్రమించును. ఆ ఉబ్బునకు కాంక్రీటు ఊచవెంబడి పగులును; పగులుగుండ మరింత నీరు, ఉప్పు పోవును; తుదకు పెల్ల ఊడిపడును. ఉప్పటి ఇసుకతో గాని, ఉప్పు నూతినీటితో గాని కట్టిన ఇంటికి ఈ వ్యాధి కట్టిననాడే లోపల ప్రవేశించినట్లు.

కాంక్రీటు నిర్మాణమునకు భారతదేశమున ప్రమాణగ్రంథ మొకటి కలదు, దానిని ఐ.యస్. 456 అందురు. అది 1978లోను, 2000లోను సవరింపబడినది. 1978 నాటి గ్రంథమున సాధారణమైన స్లాబులో ఊచల కడుగున ఉండవలసిన కాంక్రీటు కప్పు కనీసము 15 మిల్లీమీటర్లు. హాని గల తావులలో అధికముగా నుంచుమని చెప్పినను, కనీసమునే చాలుననుకొని కట్టుట కలదు. 2000 నాటి గ్రంథము సముద్రతీరపు గాలిని తీవ్రమైన పరిస్థితిగా నెంచి, కప్పు 45 మిల్లీమీటర్లు, అనగా ఇంచుమించు ఒకటి ముప్పాతిక అంగుళము, ఉండవలెనని విధించినది. కాబట్టి సముద్రము దాపున పాతయింటిని చూచునపుడు, ఇది ఏ సంవత్సరమున కట్టినదను ప్రశ్న వయస్సు తెలిసికొనుటకు మాత్రమే గాదు. ఇనుముమీద ఎంత కప్పున్నదో ఊహించుటకు గూడ.

ఇక పరీక్ష ఎట్లు చేయవలెనో క్రమముగా చెప్పెదను. పగలు ఒకసారి, రాత్రి ఒకసారి, వాన కురిసిన మరునాడు ఒకసారి, మొత్తము మూడు సారులు ఇంటికి పోవలెను. అమ్మువాడు పంపిన మేస్త్రి గాక, మీకు తెలిసిన తాపీమేస్త్రి వెంటనుండవలెను. చిన్న సుత్తి, సుద్దముక్క, కొలత టేపు, చేతిదీపము, దారమునకు కట్టిన గుండు, ఒక నోటుపుస్తకము చాలును.

ఇంటిలో అడుగు పెట్టకముందు నేల చూడుడు. ఇది మీరు పట్నవాసులకంటె బాగుగా చేయగల పని. విశాఖపట్నమున కొండలు, వాటి నడుమ గెడ్డలు, పల్లములు ఎన్నియో కలవు. ఇల్లు గెడ్డ ఒడ్డునున్నదా, పూడ్చిన చెరువు గర్భమున నున్నదా, కొండవాలును తొలిచి కట్టినదా యని వీథిలోని వృద్ధుల నడుగుడు. చుట్టుప్రక్కల గోడలమీద పూర్వము నీరు నిలిచిన గుర్తు మోకాలెత్తుననో నడుమెత్తుననో చారవలె కనబడును. వీథి ఎత్తు పెరిగి గడప పల్లమైపోయిన ఇండ్లు గూడ కలవు. అట్టి ఇంటికి ప్రతివానకు లోపలికే నీరు. కొండవాలు ఇంటికి వెనుకటి రాతిగోడ ముందునకు ఒరిగినదా, దాని అడుగున నీరు పోవుటకు రంధ్రములున్నవా యని చూడవలెను. పల్లపునేలను, ఒరిగిన కొండగోడను బాగుచేయుట ఒక్క ఇంటివాని శక్తిలోనిది గాదు. అట్టిది కనబడినచో తక్కిన పరీక్ష మానుకొనుటయే మేలు.

తరువాత మేడమీదికి పోవలెను. వానమరునాడు అచ్చట నీరు నిలిచియున్నదా, నాచు పట్టినదా, పిట్టగోడ మొదట పగులున్నదా? పిట్టగోడ సందున రావిమొక్క మొలచినచో దాని వేరు మీరు చూచుదానికంటె లోతుగా పోయియుండును. అమ్మువాడు ఒప్పుకొన్నచో నీరుపోవు గొట్టములకు బిరడా పెట్టి, మేడమీద అంగుళమెత్తు నీరు 24 గంటలు నిలిపి, క్రింది కప్పునకు చెమ్మ దిగునేమో చూచుట చక్కని పరీక్ష.

పిమ్మట ప్రతిగదిలోను కప్పు అడుగుభాగమును చూడవలెను. గోధుమరంగు మరకలు, ఊచల వరుసన సాగిన సన్నని పగుళ్లు, ఉబ్బెత్తుగా నున్న తావులు తుప్పునకు గురుతులు. సుత్తితో మెల్లగా తట్టినచో గట్టిచోటు కణకణ పలుకును. లోపల విడిపోయినచోటు డొల్లగా పలుకును. డొల్ల పలికినంతమేరకు సుద్దతో గిరిగీయుడు. వంటగది, స్నానాలగది, వరండా కప్పులను విడువవద్దు. తడి, గాలి అచ్చటనే ఎక్కువ. గదులలో ఒక్కదాని కప్పునకే క్రొత్తరంగు వేసియున్నచో ఆ గదినే ఎక్కువసేపు చూడుడు. అలంకారమునకై పలకలతో రెండవకప్పు వేసియున్నచో ఒక పలకనైనను తీయించి దీపముతో పైకి చూడవలెను. తీయనీయనివానితో బేరము సాగింపవలసిన అవసరము లేదు.

గోడల పగుళ్లన్నియు చెడ్డవి కావు. పూతమీద వెంట్రుకవలె కనబడునవి పూతకు సంబంధించినవే. కిటికీ మూలనుండి ఏటవాలుగా సాగునవి, ఇటుకల సందులవెంట మెట్లుమెట్లుగా దిగునవి, నాణెము దూరునంత వెడల్పైనవి పునాది కదలికను సూచించును. ఆ గదిలో తలుపు గడపకు రాచుకొనుచున్నచో అనుమానము బలపడును. గుండుదారము పట్టి గోడ నిలువును చూడుడు. మోకాలి ఎత్తువరకు పూత రాలి తెల్లని ఉప్పు పేలియున్నచో నేలనుండి చెమ్మ ఎక్కుచున్నదని తెలియును. రంగు దానికి మందు గాదు.

కోటవీథి, కురుపాం మార్కెట్టు మొదలైన పాతపట్నపు ప్రాంతములలో రాయి, గానుగసున్నము, కలప దూలములతో కట్టిన పాతయిండ్లు ఇంకను కలవు. వాటిలో ఇనుప ఊచల తుప్పు లేదుగాని, దూలముల కొనలు గోడలో దూరినచోట చెమ్మకు కుళ్లును, చెదలు తినును. పైకి గట్టిగా కనబడు దూలమును కొనవద్ద చిన్న ఉలితో పొడిచి చూడవలెను. సున్నపుగోడ లోనికి తీసికొన్న చెమ్మను మరల విడుచుచుండును. దానిపై సిమెంటు పూత పూసినచో చెమ్మ లోపలనే చిక్కి గోడను మెత్తబరచును. అట్టి గోడ మరమ్మతునకు సున్నపుపని తెలిసిన మేస్త్రి కావలెను. అతడు నేడు అరుదు, అతని కూలి ఎక్కువ. ఆ సంగతి లెక్కలో నుంచుకొనవలెను.

అపార్టుమెంటులో ఒక్క వాటా కొనువాడు తన మూడుగదులను మాత్రము చూచిన చాలదు. క్రింద బండ్లు నిలుపుచోట స్తంభముల మొదళ్లు చూడవలెను. అచ్చట నిలువున పగుళ్లు, తుప్పుమరకలు ఉన్నచో, స్తంభముచుట్టు క్రొత్త ఇనుము కట్టి కాంక్రీటు పోసి లావుచేయవలసివచ్చును. ఆ ఖర్చు అందరికిని పంపకమగును. ఒకరిద్దరు తమవంతు ఈయనన్నచో పని ఏండ్లతరబడి ఆగును. కావున సంఘమువారి జమాఖర్చు పుస్తకమును అడిగి, నిలువసొమ్మెంతయో, మరమ్మతునకై ఇంతకుముందు తీర్మానములేవైన జరిగినవో తెలిసికొనవలెను.

తుదకు నీరు, మురుగు, విద్యుత్తు. సముద్రప్రాంతపు నూతులలో, బోర్లలో నీరు ఉప్పనగుట కలదు. నోట పోసికొని చూచినగాని తెలియదు. కుళాయినీరు ఎన్నిగంటలు వచ్చునో రాత్రిపూట పోయి చూడుడు. మరుగుదొడ్డి నీరు పురపాలక మురుగుగొట్టములోనికి పోవుచున్నదా, పెరటిగుంటలోనికి పోవుచున్నదా? విద్యుత్తీగెలు ఎన్నియేండ్లవి? ఎర్తు కలదా? ఈ మూడును సరిగా లేని ఇంట మంచి కుటుంబము నిలువదు. అద్దె ఏడాదికి పదునొకండు నెలలైనను రాదు.

స్లాబునందు రోగము కనబడినపుడు మేస్త్రితో తృప్తిపడక, స్వతంత్రుడైన సివిలు ఇంజనీరునకు చూపవలెను. కాంక్రీటు గట్టితనమును తెలుపు సుత్తిపరీక్ష, లోపల ఇనుము తుప్పుపట్టుచున్నదో లేదో విద్యుత్తుతో తెలిసికొను పరీక్ష కలవు. ఫినాఫ్తలీను ద్రావకమును క్రొత్తగా పగులగొట్టిన తావున చల్లగా గులాబిరంగు వచ్చినచోట క్షారము మిగిలియున్నదనియు, రంగు రానిచోట నశించినదనియు గ్రహింతురు. ఇంజనీరునకిచ్చు సొమ్ము ఇంటి వెలతో పోల్చినచో స్వల్పము. నేను నాడు ఆదాచేసికొంటి ననుకొన్నది అదియే.

పరీక్ష ముగిసినపిమ్మట లెక్కకు కూర్చుండవలెను. నోటుపుస్తకమున మూడు పట్టికలు వ్రాయుడు. ప్రాణమునకు, కట్టడమునకు అపాయము కలిగించునవి మొదటిది. ఇవి అద్దెకిచ్చుటకు ముందే చేయవలెను. మూడునాలుగేండ్లలో తప్పక వచ్చునవి రెండవది. రంగు, నేలపలకలు వంటి సొంపునకు సంబంధించినవి మూడవది. మన కన్ను మొదట మూడవపట్టికమీదికే పోవును. సొమ్ము మొదట పోవలసినది మొదటిదానికి.

ప్రతిదానిని కొలిచి వ్రాయవలెను. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల గది కప్పు 120 చదరపుటడుగులు. సుద్దగిరిలోని తావు 30 చదరపుటడుగులైనచో కప్పులో నాలుగవవంతు చెడినదన్నమాట. విప్పునపుడు చెడినభాగము సుద్దగీతను దాటుట సామాన్యము. కావున 40గా వ్రాసికొనుట మంచిది. ఆ పని చేయు విధమును గూడ తెలిసికొని వెల అడుగుడు. క్రింద ఆనికలు పెట్టి, వదులైన కాంక్రీటును ఊచ చుట్టును తొలిచి, తుప్పు గీకి, సన్నబడిన ఊచకు తోడుగా క్రొత్త ఊచ కట్టి, తుప్పునాపు పూత వేసి, తరువాత తగిన గచ్చు వేయవలెను. ఉత్త సిమెంటు పూసెదనను మేస్త్రి తక్కువవెల చెప్పును. నేనట్టివానికే పని ఇచ్చి రెండుసారులు చెల్లించితిని. ఇద్దరు మేస్త్రీల వద్ద చదరపుటడుగు ఒక్కింటికి ఇంతయని వ్రాయించుకొని పోల్చవలెను. ఆనికలకు, విరిగిన పెల్లల మోతకు, పనిజరుగు నెలలలో పోవు అద్దెకు గూడ అంకె వేయవలెను. ఇంతయు కూడిన మొత్తమునకు నాలుగవవంతు అదనముగా చేర్చుట నా అలవాటు. పాతయింటి గోడ విప్పినగాని దాని లోపలిసంగతి తెలియదు.

ఒక ఉదాహరణ చెప్పెదను. ఇవి లెక్క తెలియుటకు వేసిన అంకెలేగాని బజారు ధరలు గావు. ఒక ఇంటివెల 40 లక్షలు, నెలకు అద్దె 15 వేలు అనుకొందము. ఏడాదికి 1,80,000, నూటికి నాలుగున్నర వచ్చుచున్నదని అమ్మువాడు చెప్పును. మన ఊరి వడ్డీలెక్కలో నెలకు నూటికి ముప్పదియేడున్నర పైసలు, పూర్వపులెక్కలో ఆరణాలు. ఇప్పుడు మన పుస్తకము విప్పుదము. స్లాబు మరమ్మతు 1,80,000; మేడమీది నీటికట్టు 70,000; విద్యుత్తీగెలు 80,000; గొట్టములు, మరుగుదొడ్డి 70,000; వెరసి 4 లక్షలు. అదనపు నాలుగవవంతు లక్ష. మొత్తము 5 లక్షలు. స్టాంపులు, రిజిస్ట్రేషను ఖర్చు 3 లక్షలనుకొన్నచో, ఇంటికి మనము పెట్టినది 40 గాదు, 48 లక్షలు. అద్దెలో ఒక నెల ఇల్లు ఖాళీగా నుండునని తీసివేసిన 1,65,000. పురపాలక పన్ను 9,000, ఏటేటి చిల్లర మరమ్మతులకు 36,000 పోగా మిగులునది 1,20,000. అది 48 లక్షలకు నూటికి రెండున్నర మాత్రమే. నెలకు నూటికి ఇరువది పైసలకు కొంచె మెక్కువ. ఆరణాలని చెప్పినది మూడణాల చిల్లరకు దిగినది.

ఇంటి తావు వెల పెరుగునుగదా యని కొందరందురు. పెరుగవచ్చును, కాని పెరుగునది నేలయేగాని గోడలు గావు. అపార్టుమెంటులో మీకు వచ్చు నేల కొన్నిగజములే. ఆ లెక్క వేరు, అద్దెలెక్క వేరు. రెంటిని కలిపి చూచువాడు రెంటను మోసపోవును. ఆదాయపుపన్ను విధించునపుడు, పురపాలక పన్ను పోగా మిగిలిన అద్దెలో నూటికి 30 వంతులు ఖర్చుల నిమిత్తము మినహాయింతురు. మీ మరమ్మతు ఖర్చు అంతకు మించినను ఆ మినహాయింపు పెరుగదు.

ఈ పట్టికతో బేరమునకు కూర్చుండవలెను. అదేవీథిలో లోపములేని అట్టి ఇల్లు 40 లక్షలకు పోవుచున్నచో, ఈ యింటికి 35 లక్షలు మించి ఇచ్చుట న్యాయముగాదు. పట్టిక చూపినచో మర్యాదస్థుడైన అమ్మకందారు కోపగింపడు. అతనికిని తన ఇంటిసంగతి తెలియును. మూడేండ్ల క్రిందట మా బావగారు చీపురుపల్లినుండి వచ్చి గాజువాక ప్రాంతమున ఒక ఇంటిని బేరమాడిరి. ఇద్దరము ఒక మేస్త్రితో రెండుదినములు చూచితిమి. పట్టిక వేయగా వచ్చిన మొత్తమును అమ్మువాడు తగ్గింపనన్నాడు. మరలివచ్చునపుడు బస్సులో బావగారు, “రెండు దినాల కూలి, చార్జీలు దండుగే కదా బావా” అనిరి. “నాకు మూడేళ్ళ అద్దె దండుగైంది. నీకు బస్సు చార్జీలతో పోయింది” అంటిని. మరుసటియేట వారు చిన్నదైనను గట్టి ఇంటిని కొనిరి. ఆ యింటి కప్పును తట్టి చూచినవారు వారే.

ఒక్కమాట చెప్పి ముగించెదను. కొనబోవు ఇంట అద్దెకున్నవారితో, అమ్మువాడు లేని సమయమున పోయి మాటాడుడు. వానకు ఎచ్చట కారును, నీరెప్పుడు వచ్చును, ఏ గోడ తాకిన విద్యుత్తు తగులును, వారికి తెలిసినట్లు మరెవ్వరికిని తెలియదు. కొన్నపిమ్మట వారు మీ అద్దెదారులు. ఇంటియజమాని చేయవలసిన మరమ్మతును, నోటీసు ఇచ్చినతరువాత తగుకాలములో చేయనిచో, అద్దెదారు తానే చేయించుకొని ఖర్చును అద్దెలో మినహాయించుకొనవచ్చునని అదే 1882వ సంవత్సరపు శాసనము 108వ విభాగమున చెప్పుచున్నది. శాసనముమాట అటుండనిండు. మీరు పల్లెలో అరుగుమీద కూర్చుండి నెలనెల అందుకొను అద్దె, ఒక కుటుంబము మీ కప్పుక్రింద పండుకొనుచు చెల్లించు సొమ్ము. నా వంటగదిలో ఆ దినమున ఆ ఇల్లాలు నీళ్లకై దిగకున్నచో, ఏ లెక్కపుస్తకమున ఏ అంకె వ్రాసినను నా మనస్సునకు శాంతి లేకపోవును. కావున బయానా ఈయకముందు సుత్తి తీసికొని, తల యెత్తి, కప్పును చూడుడు.